మూడుసార్లు అమ్మిన పదిహేను రోజులు

మిల్లు తలపెట్టిన నాటికి నా చేతిలో ఉన్నవి ఇవి. ఇస్నాపూర్ దాటాక రోడ్డు నుంచి కొంత లోపలికి ఒక రేకుల షెడ్డు. ఇండోరు కంపెనీకి ఇచ్చిన యంత్రాల ఆర్డరు. నారాయణఖేడ్ వైపు రైతులకు ఇచ్చిన మాట. పంతులుగారు పెట్టిన ముహూర్తం. మా కోడలు యామిని గీసి ఇచ్చిన చార్టు. ఆ చార్టులో పదిహేను రోజుల ఖాళీ కూడా ఉంది. దాన్నీ ఆస్తి కిందే జమ కట్టాను.

నాది సంగారెడ్డి పాత బజారులో పప్పుల వ్యాపారం. పేరు వెంకటనారాయణ, పనివాళ్లకు సేటును. ఇన్నేళ్లూ రైతుల దగ్గర కందులు కొని, జహీరాబాద్ దగ్గర ఒకరి మిల్లులో పప్పు చేయించి అమ్మేవాణ్ణి. ఈ ఏడు ఆ మిల్లు యజమాని కొడుకు మిల్లు ఎత్తేసి స్థలాన్ని ప్లాట్లు చేశాడు. "వేరే జాగ చూసుకో అంకుల్" అన్నాడు. చూసుకోవడానికి వేరే జాగా లేదు. ఉన్న మిల్లులన్నిటికీ వాళ్ల వాళ్ల ఖాతాదార్లు ఉన్నారు. అందుకని సొంత మిల్లు. కొత్త కందులు పుష్యంలో దిగుతాయి. ఈసారి మార్కెట్టుకు పోకుండా తిన్నగా నా మిల్లుకే తోలమని రైతులకు చెప్పాను. వాళ్లూ సరేనన్నారు.

ముహూర్తం మార్గశిరం మొదటి వారంలో ఒక సోమవారం పొద్దున. ఆ వెంటనే మూఢం పడుతుంది, మాఘం గడిచేదాకా విడవదు. మూఢంలో మా ఇళ్లలో కొత్త తరాజు కూడా తగిలించరు, మిల్లు సంగతి చెప్పనక్కర్లేదు. ఆ సోమవారం ఒక్కసారి యంత్రం తిరిగిందంటే తర్వాత ఎప్పుడైనా తిప్పుకోవచ్చు. తిరగలేదంటే ఫాల్గుణం దాకా దానికి దండం పెట్టుకుంటూ కూర్చోవాలి. అప్పటికి ఖేడ్ వైపు కందులన్నీ వేరేవాళ్ల గోదాముల్లో ఉంటాయి. వచ్చే ఏడు ఆ ఊళ్లకు ఏ మొహంతో పోవాలి?

యామిని మా అబ్బాయి సుమిత్ భార్య. ఇద్దరూ తెల్లాపూర్‌లో అద్దె ఫ్లాటులో ఉంటారు. అక్కడ కడుతున్న ఒక పెద్ద టవరుకు ఆమె ప్లానింగు చూస్తుంది. ఏ పని వెనక ఏ పని రావాలి, ఎవరి కోసం ఎవరు ఆగాలి, అదీ ఆమె ఉద్యోగం. వినాయక చవితికి వచ్చినప్పుడు నా మిల్లుకూ ఒక చార్టు గీసుకొచ్చి, భోజనాలయ్యాక నా ముందు పరిచింది.

"మామయ్యా, గీ ఎర్ర గీత చూడున్రి. నేల గట్టిగ పోసుడు, ఇండోరు నుంచి యంత్రాలొచ్చుడు, బిగించుడు, తిప్పి చూసుడు. ఒకటయితేనే ఇంకోటి. వీటిల దేనికి ఒక్క రోజు ఆలస్యమైనా ముహూర్తానికి ఒక్క రోజు ఆలస్యమైనట్టే. దీన్నే క్రిటికల్ పాత్ అంటం."

"మరి గీ నీలం గీత ఏంది బిడ్డా?"

"కరెంటు పని. ట్రాన్స్‌ఫార్మర్‌కు దిమ్మె కట్టాలె, కేబులుకు కాలువ తవ్వాలె, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించాలె. ఆ మీద కరెంటాఫీసోళ్లొచ్చి చూసి లైను ఇస్తరు. ఇది ఎర్ర గీత కంటె జెర పొట్టిగున్నది. అందుకే పదిహేను రోజులు ఫ్లోట్."

"ఫ్లోట్ అంటే?"

"జెర ఆలస్యమైనా ముహూర్తం చెడకుండ ఉండే ఖాళీ."

ఖాళీ అన్న మాట వినగానే నా చెవులు నిక్కాయి. ఇంకేదో చెప్పబోయింది గానీ గేటు దగ్గర సుమిత్ బండి హారను కొట్టాడు. చార్టు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. తీరిగ్గా చూశాను. నీలం గీత మీద దిమ్మె పక్కన 15 అని రాసి ఉంది. కాలువ పక్కన 15. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన 15. మూడు చోట్లా రాసి ఉంది. మూడు పదిహేనులు నలభై అయిదు. ఇది తప్పని ఏ పప్పుల వ్యాపారి అయినా చెప్పగలడా?

నా సంగతి కొంత చెప్పాలి. ఖాళీగా ఉన్న దేన్నీ నేను చూడలేను. మా దుకాణం అరుగు పొద్దున పూలమ్మే ఆమెకు, మధ్యాహ్నం గాజుల మలారం మోసుకొచ్చేవాడికి, దీపాలు పెట్టాక మిరపకాయ బజ్జీల బండికి. ఇంటి మీది గది ఒక కోర్టు గుమాస్తాకు. "మనిషి లేచి నిలబడితే ఆ కుర్చీ గూడ కిరాయికిస్తరు" అంటుంది మా ఆవిడ సరస్వతి. వాడుకోని జాగా నష్టంతో సమానం. వాడుకోని రోజు మాత్రం వేరే ఎందుకవుతుంది?

దసరా ముందు కాశప్ప మేస్త్రి వచ్చాడు. దిమ్మె కట్టాల్సింది అతనే. బీదర్ పక్క ఊరు.

"సేటూ, మా దిక్కు సోయా కోతలు పడ్డయి. కూలోళ్లు దొర్కుతలేరు. పదిహేను రోజులు ఇడిసిపెడితే పోయొస్త."

చార్టు చూశాను. దిమ్మె, 15. ఊరికే ఇస్తే వ్యాపారిని ఎలా అవుతాను? "పోయిరా. గని వచ్చినంక షెడ్డు ఎన్క గోడ కూలి లేకుండ కట్టాలె" అన్నాను. కాశప్ప కాసేపు తల గోక్కుని ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత జేసీబీ నర్సింగ్. ఇస్నాపూర్‌వాడే. కేబులు కాలువ తవ్వే పని అతనిది. ఎక్కడో కొత్త వెంచరులో రోడ్లు వేస్తున్నారట, గంటకింతని ఎక్కువ ఇస్తున్నారట. కాలువ పని పదిహేను రోజులు జరిపితే దండం పెడతానన్నాడు. దండం నాకెందుకు? మిల్లు ముందరి గుంటలన్నీ ఉచితంగా చదును చెయ్యాలన్నాను. సరేనన్నాడు.

చివరికి నరసరాజు. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించే కంట్రాక్టరు. వాళ్ల నాన్న భీమవరం వైపు నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇతను ఇక్కడే పుట్టినా మాట మాత్రం అటువైపుదే.

"నారాయణగారూ, చిన్న ఇబ్బందొచ్చిందండి. వేరేచోట పెద్ద పనొకటి తగిలింది. మీదొక పదిహేను రోజులు వెనక్కి జరుపుకుంటే మీకేమన్నా అభ్యంతరమాండీ?"

"అభ్యంతరం లేదు గని షెడ్డు మొత్తానికి లైట్లు మీరే పెట్టాలె."

"అమ్మమ్మా, మీతో బేరం ఆడలేమండీ బాబూ!" అన్నాడు. నాకు ఆ మాట సన్మానంలా వినిపించింది.

ఇటు నీలం గీత మీద ఇలా ఉదారంగా ఉంటూ, ఎర్ర గీత మీద మాత్రం నిప్పులు కక్కాను. ఇండోరు వాడికి పొద్దునా సాయంత్రం ఫోను. లారీ వాణ్ణి వేరే సరుకు దించనివ్వకుండా తిన్నగా తోలించాను. యంత్రాలు చెప్పిన తేదీ కంటే వారం ముందే దిగాయి. దీపావళి నాడు యామిని "మిల్లు ఎట్ల నడుస్తున్నది మామయ్యా?" అని అడిగితే, "అంతా నీ చార్టు ప్రకారమే" అన్నాను. అబద్ధం కాదు. నేను అలాగే అనుకున్నాను.

కార్తీకంలో రెండో ఆదివారం కొడుకూ కోడలూ వచ్చారు. సరస్వతి పులిహోర కట్టింది. కార్తీక భోజనం మిల్లు దగ్గరే చేద్దామని అందరం షెడ్డుకు వెళ్లాం. నేను ముందు నడిచి యంత్రాల మీది టార్పాలిన్ తొలగించి చూపించాను.

"వారం ముందే దింపించిన. చూసినవా?"

యామిని యంత్రాలను చూడలేదు. షెడ్డు పక్కకు పోయింది. అక్కడ కాశప్ప కట్టిన దిమ్మె ఉంది, ఇంకా తడి గోనెలు కప్పి ఉంది. దిమ్మె నుంచి షెడ్డు దాకా నేల మీద గడ్డి ఉంది. అంతే.

"మామయ్యా, కాలువేది?"

"నర్సింగ్ వస్తడు. పదిహేను రోజులు అడిగిండు, ఇచ్చిన."

"దిమ్మె గిప్పుడెందుకు పచ్చిగున్నది?"

"కాశప్ప గూడ అడిగిండు. పదిహేను రోజులు. దిమ్మె కాడ రాసిచ్చినవ్ కద, గదే ఇచ్చిన."

ఆమె నోరు తెరిచింది. "ట్రాన్స్‌ఫార్మర్ ఆయనకు గూడ...?"

"ఇచ్చిన. మూడు చోట్ల రాసినవ్, ముగ్గురికిచ్చిన. ఒక్కటి గూడ దండగ చెయ్యలే. గోడ, వాకిలి, లైట్లు, మూడు పనులు ఉత్తగ వచ్చినయి."

మెచ్చుకుంటుందనుకున్నాను. యామిని దిమ్మె పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. సరస్వతి చేతిలో విస్తరాకులు అలాగే ఉన్నాయి. సుమిత్ ఆమె మొహం చూసి, నా మొహం చూసి, "బాపూ, ఏం చేసినవ్?" అన్నాడు మెల్లగా.

కొంతసేపటికి యామిని లేచింది. బస్తాలు కుట్టే సుతిలి చుట్ట ఒకటి షెడ్డులో పడి ఉంది. ఇండోరు నుంచి యంత్రాలతో వచ్చిన చెక్కపెట్టెలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి. ఒక పెట్టెకు కొట్టిన మొల నుంచి ఇంకో పెట్టె మొలకు సుతిలి బిగించి కట్టింది. దాని కిందనే ఇంకో సుతిలి కట్టింది, కానీ బిగించకుండా వదులుగా. అది మధ్యలో జానెడు వేలాడింది. ఆ వదులు సుతిలికి అక్కడక్కడా మూడు గుడ్డపీలికలు ముడివేసింది.

"గీ మొల మనం పని మొదలుపెట్టిన రోజు. ఆ మొల ముహూర్తం. పైనున్న బిగి దారం యంత్రాలు. కిందిది కరెంటు. మూడు పీలికలు మీ ముగ్గురు పనోళ్లు. ఏలాడుతున్నది పదిహేను రోజులు. ఇగ కాశప్ప కాడ పట్టి గుంజున్రి."

మొదటి పీలిక దగ్గర పట్టి కిందికి లాగాను. వదులంతా నా చేతిలోకి వచ్చేసింది. తక్కిన సుతిలి కర్రలా బిగుసుకుంది.

"అది ఇడ్వకుండనే నర్సింగ్ కాడ గుంజున్రి."

రెండో చేత్తో లాగాను. సుతిలి వేలిని కోసింది గాని రాలేదు.

"వస్తలేదు."

"రాదు. గని మీరిచ్చిన్రు కద? గట్టిగ గుంజున్రి."

లాగాను. ఎదుటి పెట్టె మొల ఊడి సిమెంటు నేల మీద టంగుమని పడింది. అది ముహూర్తం మొల.

పెట్టె మీద కూర్చున్నాను. ఇన్నేళ్ల వ్యాపారంలో ఒక బస్తాను ఇద్దరికి అమ్మలేదు. ధర పెరిగిన నాడు కూడా, పక్కవాడు చేసి దర్జాగా తిరుగుతున్న నాడు కూడా అమ్మలేదు. ఇప్పుడు ఒకే బస్తాను ముగ్గురికి అమ్మి, మూడు చోట్లా మెచ్చుకోళ్లు తీసుకున్నాను.

"మూడు కాడ రాసినవ్ కద బిడ్డా" అన్నాను.

"ఒకటే ఖాళీ మామయ్యా. ఏ కిటికీలకెల్లి చూసినా గదే కనిపిస్తది. ముందటోడు వాడుకుంటే ఎన్కటోనికి ఉండదు. ఉమ్మడి ఆస్తి అసొంటిది. గా రోజు చెప్దామనుకున్న, గని..." అని సుమిత్ వైపు చూసింది. హారను కొట్టినవాడు తల దించుకున్నాడు.

ఉమ్మడి ఆస్తి అంటే నాకు అర్థం కానిదేముంది? మా తాతల ఇల్లు అన్నదమ్ముల్లో ఒకడు అమ్మేసుకుంటే ఏమైందో నేను చిన్నప్పుడే చూశాను.

"ఇంకో మాట" అంది యామిని. "యంత్రాలు వారం ముందు తెప్పించిన్రు. ఇప్పుడవి ఎంత ముందొచ్చినా ఫాయిదా లేదు. ఎర్ర గీత మారింది. గిప్పుడు ఎర్ర గీత అంటే ఆ గడ్డి."

అందరం గడ్డి వైపు చూశాం. ఇండోరు వాణ్ణి నేను పెట్టిన తిప్పలన్నీ గుర్తొచ్చాయి. ఏ గీతను తరిమానో అది పోయి కూర్చుంది, ఏ గీతను నిద్రపుచ్చానో అది మెడ మీదికి వచ్చింది. "కాశప్ప వాడుకున్న దాంతోనే మన పదిహేను ఒడిసింది. కాలువ తవ్వుడు నాలుగు రోజుల కిందనే షురూ కావాలె. ఇయ్యాల మొదలుపెట్టినా నాలుగు రోజులు తక్కువ" అంది యామిని. "మీరిచ్చిన మాటల ప్రకారం పోతే నెల తక్కువ."

"జనరేటరు కిరాయికి తెచ్చి తిప్పుదాం" అన్నాను. వ్యాపారి బుర్ర అంత తొందరగా చచ్చిపోదు. అక్కడే కూర్చుని ఫోన్లు చేశాను. సంగారెడ్డిలో లేదు. పటాన్‌చెరులో లేదు. ఒకడైతే నవ్వాడు. "సేటూ, మూఢం ముందు ఆఖరి లగ్గాలు. రోడ్డు పొడుగున ఏ ఫంక్షన్ హాలు ఖాళీగున్నది? జనరేటర్లన్నీ పెండ్లిళ్లకు పోయినయి." నా ముహూర్తం ఎప్పుడో ప్రపంచమంతటికీ ముహూర్తం అప్పుడేనని నాకు అప్పుడు తట్టింది.

"అయితే ముందు నరసరాజుకు చెయ్యున్రి" అంది యామిని. "పిలిచి రమ్మనున్రి. స్పీకరు పెట్టున్రి, నేను గూడ వింట."

పెట్టాను.

"నరసరాజుగారూ, మీకిచ్చిన పదిహేను రోజులు వాపసు కావాలె."

అవతల నవ్వాడు. "ఊరుకోండి నారాయణగారూ, ఆదివారం పూట పరాచికాలా? నా కుర్రాళ్లంతా తెల్లాపూర్‌లో టవరు పనిలో ఉన్నారండి. మూఢం ముందే గృహప్రవేశాలంట, రెండో టీము కావాలని మా మీద పడ్డారు. అక్కడ ప్లానింగు మేడమ్ ఒకావిడుందండి, మనిషిని ఊపిరి పీల్చుకోనివ్వదు. కాగితం పట్టుకుని గంటకోసారి దిగుతుంది. ఆవిడ కళ్లుగప్పి ఒక్క కుర్రాణ్ణి పంపినా నా ప్రాణం తీస్తుందండి!"

యామిని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్లాపూర్‌లో ఏ టవరని నేను అడిగాను. నరసరాజు చెప్పిన పేరు యామిని పనిచేసే టవరుదే. అడగక ముందే నాకు తెలిసిపోయింది. రెండో టీము కావాలని అడిగింది ఆమే. ఎవరో కంట్రాక్టరు కింద ఎవరో వచ్చారు. వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో ఆమెకు తెలియదు. మామ ఇచ్చిన రోజుల్ని కోడలు తీసుకుపోయింది, ఇద్దరికీ తెలియకుండా.

ఫోను పెట్టేశాను. సరస్వతి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ ఒక్క క్షణమే. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఇంకేంది బిడ్డా" అన్నాను ఆశగా. "పిల్లగాండ్లు నీ చేతి కిందనే ఉన్నరు. రేపు పొద్దుగాల ఇటు పంపు."

"పంపను మామయ్యా."

నాకు మళ్లీ మొల ఊడినట్టయింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పిల్ల నాకు కాదన్న మాట చెప్పలేదు.

"వాళ్లు నావాళ్లు కాదు. ఆ రోజులు నావి కాదు. ఆ ఇండ్లల్ల దిగేటోళ్లు గూడ ముహూర్తం పెట్టుకున్నరు. వాళ్ల బస్తా దెచ్చి మీకెట్లియ్యాలె?"

"మామయ్య ఇజ్జత్ బోతదని తెలిసి గూడ?" అన్నాను.

"తెలుసు." కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ మాట తిరగలేదు. "మీరు అమ్మినట్టే నేను గూడ అమ్మాల్నా?"

"మీకు అమ్ముడే తెలుసు, అడుగుడు తెల్వది" అంది సరస్వతి నాతో. "ముందు వాళ్ల సారును అడగనియ్యిండ్రి దాన్ని."

పులిహోర ఎవరమూ సరిగ్గా తినలేదు.

మర్నాడు సాయంత్రం యామిని ఒక్కతే బస్సు దిగి దుకాణానికి వచ్చింది. అరుగు మీద బజ్జీల బండి పక్కనే నిలబడి చెప్పింది.

"మా సారును అడిగిన మామయ్యా. ప్రభాకర్ సారు. అన్నీ చెప్పిన, మా మామయ్య మిల్లని గూడ చెప్పిన. ఆయన, నేను కూర్చొని చూసినం. నరసరాజు పిల్లగాండ్లు చేస్తున్నది పార్కింగు లైట్ల పని. దాని ఎన్క లిఫ్టు తనిఖీ. తనిఖీ చేసేటాయన తారీఖు ముందే ఖాయమయింది, లైట్లు తొందరగ అయినా ఆయన ముందు రాడు. అంటే లైట్ల పని ఆరు రోజులు ఆగినా ఎన్కున్న ఏ పనీ ఆగదు. గిది ఆ పని సొంత ఖాళీ. ఎవ్వనితోని పొత్తు లేదు."

"ఉమ్మడిది కాదు."

"కాదు. ఆరు రోజులు ఇచ్చిన్రు. ఏడో రోజు పొద్దుగాల వాళ్లు టవరు కాడ లేకపోతే నా పేరు పోతది."

"అడిగితే సారు కాదంటే ఏం చేద్దామనుకున్నవ్?"

"కాదంటే కాదు" అంది. ఎంత తేలిగ్గా అంది! నేనైతే అడిగేవాణ్ణే కాదు. అడగడమంటే బేరం తగ్గడమని నా లెక్క.

నా వంతు నర్సింగ్. వెంచరు దగ్గరికి వెళ్లి, ధూళిలో నిలబడి, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. అతను జేసీబీ ఆపి కిందికి దిగి నన్ను పైకీ కిందికీ చూశాడు.

"సేటు మాట మారుడు గీ బస్తీల నేను ఎన్నడు ఇనలే. పానం మంచిగున్నదా?"

"మంచిగ లేదు. ఒకటే పదిహేను రోజులు ముగ్గురికమ్మిన."

"సేటు మోసపోయిండా?" కళ్లు పెద్దవి చేశాడు. "ఎవ్వడు చేసిండు?"

"నేనే."

అతను పగలబడి నవ్వాడు. నవ్వాక, వాకిలి చదును చెయ్యనని, వెంచరువాళ్లు గంటకిచ్చేదే నేనూ ఇవ్వాలని అన్నాడు. ఒప్పుకున్నాను. మధ్యాహ్నానికి జేసీబీ నా గడ్డి మీద ఉంది.

ఆదివారం నాటి నాలుగు, ఆపైన పోయిన రెండు, ఇంకా ఆరు రోజులు తక్కువే. అది యామిని తీర్చింది. కాలువ అయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ అని తన చార్టులో ఒకదాని వెనక ఒకటి పెట్టింది గానీ, దిమ్మె ఆరితే చాలు, కాలువ కోసం ట్రాన్స్‌ఫార్మర్ ఆగనక్కర్లేదట. రెండూ ఒకేసారి నడిపించింది. నరసరాజు కుర్రాళ్లతో దిగిన రోజు ఆమె కూడా సెలవు పెట్టి వచ్చింది. అతను వ్యాను దిగి, దిమ్మె దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డ ఆమెను చూసి, చెప్పు కూడా వేసుకోకుండా ఆగిపోయాడు.

"మేడమ్‌గారూ... మీరిక్కడ..."

"మా కోడలు" అన్నాను.

నరసరాజు నా వైపు తిరిగాడు. "మొన్న ఫోనులో... ఆవిడ పక్కనే ఉన్నారాండీ?"

"ఉన్న అంకుల్. అన్నీ ఇన్న" అంది యామిని. "ఆరు రోజులే. గంటకోసారి దిగుత."

ఆరు రోజులూ ఆ మనిషి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. ఏడో రోజు పొద్దున వాళ్ల వ్యాను తెల్లాపూర్‌లో ఉంది. ఉందని యామిని ఫోను చేసి చెప్పేదాకా నేను చాయ్ తాగలేదు.

ఇక మిగిలింది కరెంటాఫీసు తనిఖీ. "ఇప్పుడు రెండు గీతలూ ఎర్రవే మామయ్యా. యంత్రాలు ముందొచ్చినా బిగించేటోళ్లు అనుకున్న తారీఖుకే వస్తరు. ఎటు దిక్కు ఒక్క రోజు పోయినా పోయినట్టే" అని చెప్పి పెట్టింది యామిని. తనిఖీకి వచ్చినాయన అంతా చూసి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ కంచె ఏదన్నాడు. అది ఎవరి చార్టులోనూ లేదు. నాదే కాదు, యామినిదీ తెల్లబోయిన మొహమే. నాలుగు వైపులా స్తంభాలు పాతి జాలీ బిగించాలంటే అక్కడికే రెండు రోజులు.

ఆయన మళ్లీ చూసి, "ఎనుక దిక్కు, ఈ పక్క దిక్కు గోడ ఉన్నది కద. మిగిలిన రెండు దిక్కుల జాలీ పెట్టిస్తే చాలు. రేపు ఫొటో పంపున్రి" అన్నాడు.

వెనక దిక్కుది కాశప్ప గోడ. మొదటి పదిహేను రోజులకు నేను తీసుకున్న ధర. కాశప్పే వచ్చి చీకటి పడేలోపు రెండు వైపులా జాలీ బిగించాడు.

ముహూర్తానికి ముందురోజు, ఆదివారమైనా, మధ్యాహ్నం లైను వచ్చింది. సోమవారం పొద్దున పంతులుగారు వేలు చూపించగానే సుమిత్ బటను నొక్కాడు. మిల్లు తిరిగింది. సరస్వతి పాత కందులు దోసెడు పోస్తే అటువైపు పప్పు రాలింది. ఖేడ్ నుంచి ఇద్దరు రైతులు చూడటానికి వచ్చారు. ఒకతను పప్పు నోట్లో వేసుకుని నమిలి, "ఇగ తోలొచ్చు" అన్నాడు. నేను యామిని కోసం చూశాను. యంత్రాల పెట్టె దగ్గర నిలబడి, ఊడిన మొలను రాయితో మళ్లీ కొడుతోంది.

ఇక లెక్క. ఉన్నది ఒక పదిహేను, అమ్మింది మూడు. కాశప్పకు ఇచ్చింది చెల్లింది, దానికి బదులు గోడ వచ్చింది, గోడకు రెండు రోజులు వచ్చాయి. నర్సింగ్ బేరం రద్దు, వాకిలి ఇప్పటికీ గుంటలే, పుష్యంలో ట్రాక్టర్లు ఆ గుంటల్లోనే ఊగుతూ లోపలికి వచ్చాయి. నరసరాజు బేరం రద్దు, షెడ్డులో లైట్లు నేనే పెట్టించుకున్నాను. యంత్రాల్ని వారం ముందు దింపించినందుకు టార్పాలిన్ మీద దుమ్ము. ముహూర్తం నాటికి చేతిలో మిగిలిన ఖాళీ సున్నా, తక్కువ పడింది సున్నా. ఖర్చులన్నీ పోను నికరం: తిరిగే మిల్లు ఒకటి, దాని వెనక గోడ ఒకటి.